వీధికి వచ్చిన ప్రాసిక్యూటరు

నేరము జరిగిన పిమ్మట పోలీసులు దర్యాప్తు చేయుదురు. కాగితములు ప్రాసిక్యూటరు బల్లమీదికి వచ్చును. ఆయన న్యాయస్థానమున వాదించును. శిక్ష పడినను, పడకున్నను అంతటితో ఆయన పని ముగియును. ఆ నేరము జరిగిన వీధిలో రాత్రివేళ దీపము వెలుగుచున్నదో లేదో ఆయన తెలిసికొననక్కరలేదు. చిరకాలపు ఆచారమిది. 1990లో అమెరికాలోని ఒక నగరము ఈ ఆచారమును సడలించినది. ఆ వృత్తాంతమును శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మన దేశమున పబ్లిక్ ప్రాసిక్యూటర్లను ప్రభుత్వము నియమించును. అమెరికాలో పెక్కు రాష్ట్రములయందు డిస్ట్రిక్ట్ అటార్నీని ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకొందురు. ఓటు వేసినవారు వచ్చి తలుపు తట్టినచో ఆయన తీయక తప్పదు. ఆరెగన్ రాష్ట్రమున పోర్ట్‌లాండ్ నగరముగల మల్ట్‌నోమా కౌంటీలో అట్లే జరిగినది. అచ్చటి డిస్ట్రిక్ట్ అటార్నీ మైకేల్ ష్రంక్. నగరమున లాయిడ్ డిస్ట్రిక్ట్ అను వ్యాపార ప్రాంతము కలదు. 1990లో అచ్చట ఒక పెద్ద సమావేశ మందిరము తెరువబడినది. వీధుల స్థితి చూచి వచ్చువారు వెనుదిరుగుదురేమోయని వర్తకులకు బెంగ. తమ ప్రాంతమునకు ప్రత్యేకముగా ఒక ప్రాసిక్యూటరు కావలెననియు, అందులకగు ధనము తామిచ్చెదమనియు వారు కోరిరి. ష్రంక్ అంగీకరించి వేన్ పియర్సన్ అను న్యాయవాదిని పంపెను.

నేరగాండ్రకు కఠినశిక్షలు వేయించుటయే ఆయన పని యని తొలుత తలచిరి. తీరా అడిగిచూడగా జనులు చెప్పుకొన్న బాధలు వేరు. వీధులలో త్రాగుడు, కార్ల అద్దములు పగులగొట్టి సామానులు ఎత్తుకొనిపోవుట, సల్లివన్స్ గల్చ్ అను పల్లపు లోయలో అనుమతి లేక వెలసిన గుడారములు. న్యాయస్థానమునకు ఇవి స్వల్పములు, కాపురమున్నవారికి నిత్యబాధలు. పియర్సన్ పోలీసులను, ఇరుగుపొరుగువారిని కూడగట్టి లోయలోని చెత్త తీయించెను. గుడారములు వేయరాదని పలకలు నాటించెను. మరల వెలసినచో తెలియజేయు బాధ్యత పొరుగువారిదే.

మాకు ఎక్కువ నచ్చినది మరియొకటి. ఏ ఇంట మత్తుపదార్థములు అమ్ముచున్నారో పొరుగువారికి తెలియును. కాని సోదా వారంటునకు అనుమానము చాలదు, ఆధారము కావలెను. ఏ వేళ ఎందరు వచ్చిరి, ఎన్ని నిమిషములు నిలిచి వెడలిరి అను సంగతులను చూచినవి చూచినట్లు వ్రాసియుంచుటను ప్రాసిక్యూటర్లు వారికి నేర్పిరి. ఆ వ్రాతలు ఆధారముగా పోలీసులు న్యాయమూర్తిని వారంటు కోరగలిగిరి. ఎన్ని ఫిర్యాదులు చేసినను కానిపని ఒక నోటుపుస్తకము వలన అయినది.

ఈ పద్ధతి నగరమున తక్కిన పేటలకును ప్రాకినది. 1996లో రాజధాని వాషింగ్టన్‌లో ఎరిక్ హోల్డర్ ఇట్టి ప్రయత్నమునే ఆరంభించెను.

అయినను, ధనమిచ్చినవారికే ప్రాసిక్యూటరు దొరకునా యను విమర్శ మొదటినుండియు ఉన్నది. అది న్యాయమైన విమర్శయే. పేటవారి మాట వినవలెనన్నంతనే, పేటవారెవరు అను చిక్కు వచ్చును. వర్తకుడు పేటవాడే. లోయలోని గుడారమున తలదాచుకొన్నవాడు మాత్రము పేటవాడు కాడా? అతనిని ఎవరు అడిగిరి?

1992లో పోర్ట్‌లాండ్ నగరము కొన్ని ప్రాంతములను మత్తుపదార్థములు లేని మండలములుగా ప్రకటించినది. ఆ నేరముపై పట్టుబడినవాడు, నేరము రుజువు కాకముందే, 90 దినములు ఆ మండలమున అడుగిడరాదు. ఇట్లు వెలివేయబడినవారిలో నల్లజాతివారు జనసంఖ్యను మించిన పాలు ఉన్నారని విచారణలో తేలిన పిమ్మట, 2007లో ఆ శాసనము గడువు తీరిపోనిచ్చిరి.

గుడారముల తగవు మాత్రము తీరలేదు. అదే ఆరెగన్‌లోని గ్రాంట్స్ పాస్ పట్టణపు వ్యాజ్యము అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయినది. తలదాచుకొన చోటులేనివానిని సైతము బయట పరుండినందులకు శిక్షింపవచ్చుననియు, అది రాజ్యాంగము నిషేధించిన క్రూరశిక్ష కాదనియు 2024 జూన్‌లో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. ముగ్గురు విభేదించిరి.