ఇంటి చదువునకు అండ గ్రంథాలయము

బిడ్డ చదువు బడిలో మొదలగునని లోకము తలచును. నిజాము రాజ్యమున తెలుగుబిడ్డకు తల్లిభాష చదువు పెక్కుచోట్ల ఇంటనే మొదలై ఇంటనే సాగవలసివచ్చెను. పై తరగతులలో బోధన ఉర్దూలో జరిగెడిది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూనే బోధనాభాషగా గైకొనెను. అప్పుడు మెదకు జిల్లాలో నుండిన సిద్దిపేట ప్రాంతము ఇందుకు వేరు కాదు. అరుగుమీద ఓనమాలు దిద్దిన బాలునకు, బడిమొగ మెరుగని బాలికకు, అక్షరములు వచ్చిన పిదప చదువుకొన పుస్తక మేది?

ఈ లోటును తీర్ప పూనుకొన్నవి గ్రంథాలయములు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. పుస్తకముల పేరిట గాక భాష పేరిట వీనికి నామకరణము చేయుటలోనే స్థాపకుల ఆశయము తెలియుచున్నది.

నిలయమున్న చాలునా? చదివించు పుస్తకములు కావలెను. అందులకై కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. దాని తొలి ప్రచురణము గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. లింకను బడికి పోయిన దినములన్నియు కూడినను ఒక సంవత్సరము నిండదు. తక్కిన చదువంతయు అరువు తెచ్చుకొన్న పుస్తకములతో ఇంట సాగినదే. ఇంట చదువుకొను తెలుగు బాలురకు ఇంతకన్న తగిన కథ దొరకుట యరుదు.

1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘము గ్రంథాలయ స్థాపనను తన కార్యములలో చేర్చుకొనెను. 1930లో ఈ మెదకు సీమయందలి జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకముల మూట మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’, 1947లో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ మద్రాసునుండి వెలువడగా, పిల్లలకే ప్రత్యేకించిన కథలు నెలనెల అందసాగెను.

1960నాటి గ్రంథాలయ శాసనముచే ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును వసూలగుచున్నది. అనగా ప్రతి గృహస్థుడును గ్రంథాలయమునకు భాగస్వామియే. ఆ భాగము పిల్లల చేతికి కథలపుస్తకమై ఇంటికి చేరవలెను. చిన్నవారికి తల్లి చదివి వినిపింపదగిన జంతుకథలు, ఎదిగినవారికి మహనీయుల చరిత్రములు వేరువేరు అరలలో నుంచుట మేలు.

పిల్లలు చింపుదురను భయమున బీరువాకు తాళము వేయుట తగదు. లింకను అరువు తెచ్చిన పుస్తకము వానకు తడియగా, పొలములో పనిచేసి దాని వెల చెల్లించెనని ప్రసిద్ధి. ఆ పుస్తక మతనికి ఈయకుండిన తడిసియుండదు. అతడు చదివియు నుండడు.