మెట్టపంట లాంటి ఎత్తు

నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్ట రైతు మొదట తన చేతిలో ఉన్నది నేలకిస్తాడు. పత్తి గింజ మట్టిలో పడ్డాక, వాన కోసం మబ్బు వంక చూస్తాడు. కాలువ నీళ్ల ధీమా ఉన్న డెల్టా సేద్యం వేరు, ఇది వేరు. ఈ నేల మీద పెరిగిన నాకు చదరంగంలో కింగ్స్ గాంబిట్ మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అదీ మెట్టసేద్యమే.

రెండో ఎత్తులోనే తెల్లపావుల వాడు రాజు పక్కనున్న శకటు ముందరి బంటును రెండు గళ్లు తోసి, తినమని ఎదుటివాడికి అందిస్తాడు. దానికి ప్రతిఫలంగా నడిమి గళ్ల మీద పట్టు, ఏనుగుకు దారి, శత్రురాజు మీదికి దండు నడిపే వీలు దొరుకుతాయని ఆశ. ఆ ఆశకు వెల కూడా ఉంది. సొంత రాజు ఇంటి తలుపు తెరుచుకుపోతుంది.

ఎంత వైభవం చూసిందా ఎత్తు! 1851 జూన్ 21న లండన్‌లో అండర్సన్ ఈ గాంబిట్‌తోనే కీసెరిట్స్కీ మీద ఆడాడు. ఒక శకటును, రెండు ఏనుగులను, చివరికి మంత్రిని కూడా ఇచ్చేశాడు. మిగిలిన రెండు గుర్రాలు, ఒక శకటుతో ఆట కట్టేశాడు. లోకం దాన్ని అమర క్రీడ అంది. 1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో స్పాస్కీ ఇదే ఎత్తుతో 17 ఏళ్ల ఫిషర్‌ను ఓడించాడు.

ఈ గాంబిట్‌కు మొదటి గాయం ఆ ఓటమిలోంచే వచ్చింది. మరుసటి ఏడాదే ఫిషర్ ఒక వ్యాసం రాసి, దాని పని అయిపోయిందని తేల్చాడు. అయినా అది చావలేదు. 1963లో అమెరికా చాంపియన్‌షిప్‌లో ఎవాన్స్ మీద ఫిషరే దాన్ని ఆడి గెలిచాడు. మనిషి ఇచ్చిన తీర్పును మనిషే తిరగరాయగలిగిన కాలమది.

తర్వాత యంత్రం వచ్చింది. 1997 మే 11న చివరి ఆటలో డీప్ బ్లూ అనే కంప్యూటర్ కాస్పరోవ్ మీద ఎనిమిదో ఎత్తులోనే గుర్రాన్ని బలిచ్చి, 19 ఎత్తుల్లో ఆట ముగించింది. అది వేరే ఆరంభం. కానీ నా గుండె జారింది అక్కడే. గుర్రాన్ని ఇవ్వడానికి దానికి తెగువ అక్కర్లేకపోయింది. ఆ ఎత్తు దాని ఆరంభాల పట్టికలో ముందే ఎక్కించి ఉంది.

మా ఇంటికి కంప్యూటర్ వచ్చాక, ఆదివారాల్లో జగ్గయ్యపేట నుంచి ఓ మిత్రుడు బస్సెక్కి నందిగామ వచ్చేవాడు. మేము ఏళ్లపాటు లాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్న దాడులన్నీ ఒక్కొక్కటే దానికి చూపించాం. మేము ఆశ్చర్యార్థకాలు పెట్టుకున్న చోటల్లా అది నిదానంగా ఒక జవాబు వెతికేది. తీసుకున్న బంటును పట్టుకుని వేలాడేది కాదు. అప్పు తీర్చినట్టు వేళకు తిరిగిచ్చేసి, తన రాజును భద్రం చేసుకునేది. తెర మూలన, ఎవరిది పైచేయో చెప్పే అంకె ముందు మైనస్ గుర్తు పడేది. ఎదురుదెబ్బ తగిలి కూలి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మా గాంబిట్ ఒక చిన్న అంకె కింద నలిగిపోయింది. ఒక సాయంత్రం మిత్రుడు నోట్‌బుక్కు మూసి, "ఇక దీన్ని ఏం ఆడతాంరా" అన్నాడు.

2012 ఏప్రిల్‌లో, కింగ్స్ గాంబిట్‌ను కంప్యూటర్లు పూర్తిగా ఛేదించేశాయని ఒక వార్త వచ్చింది. అది ఏప్రిల్ ఫూల్ కోసం అల్లిన కథ. అయినా చాలామంది నమ్మారు. చావు కబురు అబద్ధమైనా నమ్మేశారంటే, మనసుల్లో అప్పటికే పాడె కట్టేశారన్నమాట.

యంత్రాన్ని తిట్టను. అది మనకు చేసిన మేలు కళ్లముందే ఉంది. 2024లో సింగపూర్‌లో ప్రపంచ కిరీటం గెలిచిన గుకేశ్ చెన్నైలో పెరిగిన తెలుగు బిడ్డ. అతని వెనుక ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో మన గుంటూరు హరికృష్ణ ఉన్నాడు. ఒకప్పుడు పెద్ద నగరాల శిక్షకుల దగ్గరే దొరికిన విద్య ఇవాళ నందిగామ పిల్లవాడి ఫోన్‌లో ఉంది. పోయింది ఒక్కటే. ఏమవుతుందో తెలియకుండా ఇవ్వగలగడం. వాన లెక్క ముందే తెలిసినవాడు మెట్టచేలో విత్తనం వేయడు.

అందుకే మన ఊళ్లలో పిల్లలకు చదరంగం నేర్పేవాళ్లకు ఒక మనవి. మొదటి ఏడాది ఫోను పక్కన పెట్టించండి. రెండో ఎత్తులో ఆ బంటును తోయనివ్వండి. ఓడితే ఓడనివ్వండి. ఎక్కడ ఓడాడో బల్ల మీదే వెతుక్కోనివ్వండి. అంకె ఆ తర్వాత చూపించవచ్చు.