1918 నాటి మహాజ్వరము

మహామారికి రాజు, పేద యను భేదము లేదని లోకులు చెప్పుదురు. రోగము సోకుటను గూర్చి యీ మాట కొంతవఱకు నిజమే. మరణమును గూర్చి మాత్రము నిజము కాదు. 1918వ సంవత్సరమున మన దేశమును పీడించిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరమే యిందుకు సాక్ష్యము.

ఆ జ్వరము జూన్ నెలలో బొంబాయి రేవున బయలుదేఱెను. మొదటి విడత స్వల్పముగా గడచెను. సెప్టెంబరులో విజృంభించిన రెండవ విడతయే ఘోరమయినది. మృతులు కోటి యిరువది లక్షలని కొందఱును, కోటి యెనుబది లక్షలని కొందఱును పిదప లెక్కగట్టిరి. ఇప్పటి భారతదేశపు ఎల్లలలో 1911లో 25.21 కోట్లుగా నున్న జనసంఖ్య 1921లో 25.13 కోట్లకు దిగెను. 1901 మొదలుకొని జనాభా లెక్కలలో తఱుగుదల కనబడినది ఆ దశాబ్దమునందే.

బొంబాయి నగరపు లెక్కలను చూడుడు. ఆ జ్వరమువలన వేయింటికి యూరోపియనులలో 8.3, పార్సీలలో 9, అగ్రకులపు హిందువులలో 18.9 మంది మరణింపగా, క్రింది కులములవారని వ్రాయబడిన హిందువులలో 61.6 మంది మరణించిరి. ఊరొకటియే, రోగమొకటియే. ఈ భేదము పుట్టుకవలన వచ్చినది కాదు; ఇఱుకు గదులవలన, చాలని తిండివలన, వైద్యుడు తొంగిచూడని వాడలవలన వచ్చినది. ఆ యేడు వానలు తప్పి ధాన్యపు ధరలు పెరిగినవి కూడ.

సాధారణముగా ఇట్టి జ్వరము పసిపిల్లలను, వృద్ధులను కబళించును. ఇది యిరువది మొదలు నలువది యేండ్లలోపు వారినే యెక్కువగా గొనిపోయెను. అనేక దేశములలో పురుషులు హెచ్చుగా మరణింపగా, మన దేశమున స్త్రీలే హెచ్చుగా మరణించిరి. రోగి మంచముకడ రాత్రింబవళ్లు కూర్చుండునది యెవరు? అందఱు భుజించిన పిదప మిగిలినది తినునది యెవరు? తానును జ్వరపడినపుడు పొయ్యికడనుండి లేవలేనిది యెవరు? ఈ ప్రశ్నలలోనే కారణము చాలవఱకు దొరకునని మా యభిప్రాయము.

మనుష్యులకు సోకు ఆ జ్వరపు వైరసును శాస్త్రజ్ఞులు 1933లో వేఱుచేసిరి. 1918లో మరణించినవారిలో పెక్కుమందిని తుదకు చంపినది వైరసు వెంట ఊపిరితిత్తులలో చేరిన బాక్టీరియాల న్యుమోనియా. పెన్సిలిన్ అప్పటికి కనుగొనబడలేదు. విశ్రాంతి, మంచినీరు, గంజి, పరిచర్య, ఇవియే నాటి మందులు. ఇవి కఱవయిన యింట మృత్యువు సులభముగా ప్రవేశించెను.

రోగము వాకిట నిలిచిన దినమున వాడలను విశాలము చేయలేము, చిక్కిన దేహమునకు బలము పోయలేము. అవి ముందు చేయదగిన పనులు. వాడల సంగతి పురపాలకులు చూడవలెను. ఇల్లాలు ఏ వేళకు, ఏమి తినుచున్నదో, ఎన్ని గంటలు నిద్రించుచున్నదో చూచుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కఱలేదు. చదువరులు నేటి రాత్రి భోజనమునుండియే దానిని గమనింపవచ్చును.