శంకరాభరణ శాస్త్రిగారి ఋణము



చరిత్ర ప్రసంగమని చెప్పి చలనచిత్రమును గూర్చి మాటలాడుచున్నాడేమి అని మీలో కొందఱికి తోచవచ్చును. మా చౌడేపల్లె రచ్చబండ మీద ఈ మాట ఇదివఱకే పుట్టినది. "పంతులుగారికి ముదిమిలో బొమ్మల మోజు పట్టుకొన్నది" అని ఒక పెద్దమనిషి నవ్వెను కూడ. కాని నేను చెప్పబోవు బొమ్మ 1980వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన వెలువడినది. దానిని తీసినవారిలో, అందు నటించినవారిలో, పాడినవారిలో పెక్కుమంది ఇప్పుడు లేరు. నలుబది యైదేండ్లు గడచిన సంగతి చరిత్ర కాక మఱేమగును? ఆ బొమ్మ పేరు శంకరాభరణము.

దానిని మనలో పెక్కురు చూచియున్నారు; కొందఱు రెండు మూడు మాఱులు చూచియుందురు. అయినను కథ యేమని అడిగినచో తఱచుగా వినవచ్చు సమాధానము ఒక్కటే: పాశ్చాత్య సంగీతపు హోరులో మన సంగీతము అడుగంటినది, ఒక విద్వాంసుడు దానికై ప్రాణము విడిచెను అని. అది అబద్ధము కాదు. కాని అది కథలో రెండవ సగము. మొదటి సగమును మనము మఱచితిమి. ఏల మఱచితిమో ఈ పూట విచారింతము.

ముందుగా పేరు సంగతి. శంకరాభరణము 29వ మేళకర్త. ఒక రాగమును జీవితమంతయు ఆరాధించి సాధించిన గాయకునికి ఆ రాగము పేరు ఇంటిపేరువలె అంటుకొనుట పూర్వపు మర్యాద. తంజావూరును శరభోజి మహారాజు ఏలిన కాలమున, అనగా 1798 మొదలు 1832 వఱకు గల నడుమ, తోడి సీతారామయ్య అనియు, శంకరాభరణము నరసయ్య అనియు ఇరువురు గాయకులుండిరి. నరసయ్యను గూర్చి సంగీతజ్ఞులు చెప్పుకొను కథ యొకటి కలదు. ఆయనకు ఒకప్పుడు డబ్బునకు ఇబ్బంది కలిగినది. కపిస్థలమను గ్రామమున రామభద్ర మూపనారు అను భూస్వామి సంగీతాభిమాని. నరసయ్య పోయి అప్పడిగెను. తాకట్టు ఏమి పెట్టెదవనగా, నా యొద్దనున్నది శంకరాభరణమొక్కటే, దానినే పెట్టెదనని పత్రము వ్రాసియిచ్చెను. అప్పు తీఱువఱకు ఆ రాగమును పాడరాదు. పొలమును స్వాధీనపు తాకట్టు పెట్టినవాడు గట్టున నిలిచి ఇతరుడు దున్నుట చూడవలసినదే కదా! నరసయ్య గతియు అట్లే అయినది. కొంతకాలమునకు కుంభకోణమున ఒక సంపన్నుని యింటి పెండ్లిలో ఆ రాగమునే పాడుమని కోరిరి. ఆయన తాకట్టు సంగతి చెప్పెను. ఆ గృహస్థు సొమ్ము పంపి రాగమును విడిపింపబోగా, మూపనారు స్వయముగా వచ్చి పత్రమును చింపి, ఆ సొమ్మును నరసయ్యకే యిచ్చెనని చెప్పుదురు.

ఈ కథలో నాకు మిక్కిలి నచ్చినది దాత యొక్క ఔదార్యము కాదు. నరసయ్య తన యింట తలుపు మూసికొని ఆ రాగమును పాడుకొన్నచో ఎవరికి తెలియును? ఆయన పాడలేదు. ఋణము ఋణమే. చిత్రములోని శంకరశాస్త్రిగారి కథయు, నా మతమున, సంగీతము ఓడిన కథ కంటె ముందుగా ఋణపు కథ.

మూపనారు వంటి పోషకులున్నంతకాలము విద్వాంసుని బ్రదుకు ఒక తీరుగా నడచినది. పండుగకు సంభావన, పెండ్లికి శాలువ, దేవళములో సేవకు మాన్యము. మన చౌడేపల్లె పుంగనూరు జమీలోనిది గనుక జమీందారీ అనగా ఏమియో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ పుంగనూరిలోనే 1898లో ఒక హరికథకుని యింట పుట్టిన బిడ్డ తరువాత చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళ అను పేర దక్షిణదేశమంతట ప్రసిద్ధుడయ్యెను. ఆయన కాంచీపురము నైనా పిళ్ళగారి యొద్ద గురుకులవాసము చేసెను. 1954లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదమును పొందెను. గమనింపుడు: పుంగనూరు బిడ్డకు పేరు వచ్చినది పుంగనూరు కొలువులో కాదు, పట్టణపు సభలలో. కాలము అప్పటికే మాఱినది. 1932లో తెలుగు మాటలబొమ్మ వచ్చెను; 1938లో మదరాసున రేడియో కేంద్రము వచ్చెను; 1948 నాటి చట్టముతో జమీందారీలు పోయెను. రైతునకు అది మేలే చేసినది, నేను దానిని తప్పు పట్టను. కాని వృక్షము కూలినపుడు దానిపై గూడు కట్టిన పిట్టను లెక్కించువారుండరు. వంగదేశమున సత్యజిత్ రాయి 1958లో జల్సాఘర్ అను చిత్రమున, ఆస్తి కరగిపోవుచున్నను సంగీతపు సభను మానలేని జమీందారు కథను చూపెను. అందు పోషకుని పతనము. మన చిత్రమున గాయకుని పతనము.

మన చిత్రమును తీసినవారు కాశీనాథుని విశ్వనాథ్ గారు. 1930లో రేపల్లె ప్రాంతపు పెదపులివఱ్ఱులో పుట్టి, మదరాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణశాఖలో పనిచేసి, తరువాత దర్శకులైరి. నిర్మాత ఏడిద నాగేశ్వరరావుగారు. పాటలు వేటూరి సుందరరామమూర్తిగారివి. వానితోపాటు సదాశివబ్రహ్మేంద్రుల కీర్తన, రామదాసు కీర్తనలు, మైసూరు వాసుదేవాచార్యుల కృతియు వినవచ్చును. సంగీతము కె.వి. మహదేవన్ గారు కూర్చిరి. శాస్త్రిగారి గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారిది, ఆయన గురుకులమున కూర్చుండి శాస్త్రీయముగా నేర్చినవారు కారు, అయినను దేశమంతయు ఆ గొంతును శాస్త్రిగారి గొంతుగానే నమ్మినది.

శాస్త్రిగారి వేషము ధరించిన జె.వి. సోమయాజులుగారిని గూర్చి ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. వారు రెవెన్యూశాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు, నాటకరంగమున కన్యాశుల్కములోని రామప్పపంతులు వేషమునకు పేరొందినవారు. రామప్పపంతులు మధురవాణిని ఉంచుకొని, ఆమెనే తూలనాడు పెద్దమనిషి. ఆ వేషము వేసిన మనిషియే తరువాత తులసికి నీడనిచ్చిన శంకరశాస్త్రి అయ్యెను. ఎవరైన ఎంచి కూర్చిరో లేదో గాని, ఆ రెండు వేషములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో నూఱేండ్ల తెలుగు సంఘచరిత్ర కనబడును.

ఇక కథ. తులసి వేశ్యాకులమున పుట్టిన పిల్ల. తల్లి ఆమెను కులవృత్తిలోనికి దింపవలెనని పట్టుబట్టును. పిల్లకు మాత్రము శాస్త్రిగారి గానమే దైవము. ఏటియొడ్డున ఆయన సాధకము చేయుచుండగా దూరమున నిలిచి విని ఆడుచుండును. ఒక ధనికుడు ఆమెను చెఱచును. ఆమె చేతిలో అతడు చచ్చును. ఆమె విడుదలకు శాస్త్రిగారును, వారి మిత్రుడైన వకీలు మాధవయ్యయు పూనుకొందురు. దిక్కులేని ఆమెను శాస్త్రిగారు తమ యింటికి తెచ్చుకొందురు. అంతే! ఊరు ఊరంతయు వెలివేయును. ప్రక్కవాద్యములవారు ఆయనతో వేదిక యెక్కమందురు. తన వలన ఆయన విద్యకు లోటు వచ్చుచున్నదని గ్రహించి తులసి చెప్పకయే వెడలిపోవును. అప్పటికి ఆమె గర్భవతి.

ఇచట ఒక్క క్షణమాగి ఆలోచింపుడు. ఇంతవఱకు కథలో గిటారు మ్రోగలేదు. పాశ్చాత్య సంగీతము గడప త్రొక్కలేదు. శాస్త్రిగారిని విడిచినవారు పైదేశపు మోజులో పడిన కుఱ్ఱవాండ్రు కారు. పంచె కట్టి, బొట్టు పెట్టి, తాళము తప్పకుండ తలయూపు పెద్దలు. ఆయన గానమున దోషమున్నదని ఎవ్వరును అనలేదు. ఆయన యింట ఒక ఆడుది ఉన్నదనియే వెడలిరి. కుఱ్ఱవాండ్రు రాత్రివేళ ఆయన వాకిట చేరి అల్లరి పాటలు పాడు ఘట్టము తరువాత వచ్చును. దానికి మనము చప్పట్లు కొట్టితిమి, ఏలయన అందు తప్పు మనది కాదు. మొదటి సగమున తప్పు మనది. మఱచుటకు కారణము ఇదియేనని నా తాత్పర్యము.

ఈ సంగతిలో చరిత్ర యేమనుచున్నది? క్షేత్రయ్య పదములను అభినయముతోసహా తరతరములు కాపాడి మన చేతికిచ్చినవారు కళావంతుల స్త్రీలు. తంజావూరు ప్రతాపసింహుని కొలువులోని ముద్దుపళని రాధికాసాంత్వనమను కావ్యమును వ్రాసెను. దానిని 1910లో పరిష్కరించి ప్రకటించినవారు బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆడుది అట్లు వ్రాయుట అసభ్యమని గోలపుట్టి ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. 1947లో టంగుటూరి ప్రకాశముపంతులుగారి ప్రభుత్వము నిషేధమును తొలగించెను. ఆ నాగరత్నమ్మగారే తిరువయ్యాఱులో శిథిలమైయున్న త్యాగరాజస్వామి సమాధికి తమ సొమ్ముతో గుడి కట్టించిరి. గుడి కట్టించిన యామెను, ఆమెవంటి స్త్రీలను, అచటి ఆరాధనలో పాడనీయలేదు. ఆమె పోరాడి, స్త్రీలను కూర్చుకొని పాడి, తుదకు హక్కు సంపాదించిరి. 1952లో ఆమె పరమపదించిరి. ఆమె సమాధియు అచటనే, స్వామికి ఎదురుగా నున్నది. ఇక 1947 నాటి మదరాసు చట్టము దేవళములకు ఆడుపిల్లలను అంకితము చేయుటను మాన్పినది. ఆ దురాచారము పోవలసినదే, సందేహము లేదు. కాని దురాచారముతోపాటు ఆ స్త్రీల విద్యను, వారి పేర్లను కూడ ఊడ్చివేసితిమి. పదములు మాత్రము ఉంచుకొంటిమి.

చిత్రమున పదేండ్లు గడచును. శాస్త్రిగారికి కచేరీలు లేవు, ఇంట కూటికి ఇబ్బంది, కుమార్తె శారద పెండ్లీడుకు వచ్చినది. తులసికి తల్లి ఆస్తి చేరినది. ఆమె తన కొడుకును అనాథయని చెప్పించి శాస్త్రిగారి యింట శిష్యునిగా చేర్చి, మాధవయ్య ద్వారమున చాటుగా ఆదుకొనును. కడపట శారద పెండ్లినాడు ఆయనకు కచేరీ యేర్పాటు చేయించును. పాట నడుమ ఆయన గుండె పట్టుకొని ఒరిగిపోగా, ప్రక్కనుండి పిల్లవాడు ఆ పాటను అందుకొనును. వాడెవ్వరో ఆయనకు అప్పుడు తెలియును. తన గండపెండేరమును వానికిచ్చి శాస్త్రిగారు కన్ను మూయుదురు. ఆయన పాదముల కడ తులసియు ప్రాణము విడుచును. ఎవరి ఋణము ఎవరు తీర్చిరి? నీడనిచ్చినందుకు ఆమె తీర్చినదని పైకి కనబడును. ఆమెను ఊరు తఱుముచుండగా నిలుపలేకపోయిన బాకీ ఆయనది. దానిని ఆయన చివరి ఊపిరిలో తీర్చెనని నేననుకొందును.

విశ్వనాథ్ గారియందు నాకు గౌరవమున్నది గనుక ఒక లోపము కూడ చెప్పెదను. ఆ చిత్రము తులసిని నెత్తిన పెట్టుకొన్నది గాని, కచేరీ వేదిక మీద ఆమెకు పీట వేయలేదు. విద్య ఆమె కొడుకునకు దక్కినది. ఆమెకు దక్కినది పాదముల కడ మరణము. నాగరత్నమ్మగారు ఈ ముగింపును ఒప్పుకొనియుండెడివారు కారు. అయితే విధి ఒక చమత్కారము చేసినది: ఆ పిల్లవాని వేషము వేసినది ఒక ఆడుపిల్ల, ఆ పిల్ల పేరును తులసియే.

చిత్రము విడుదలైనపుడు మొదటి దినములలో శాలలు నిండలేదు. తరువాత ఒకరి నోట నొకరు విని జనము విఱుగబడిరి. జాతీయ పురస్కారములలో జనాదరణ పొందిన ఉత్తమచిత్రముగా స్వర్ణకమలము వచ్చెను. మహదేవన్, బాలసుబ్రహ్మణ్యము, వాణీ జయరామ్ గారలకును పురస్కారములు లభించెను. సోమయాజులుగారు 2004లోను, బాలసుబ్రహ్మణ్యముగారు 2020లోను గతించిరి. విశ్వనాథ్ గారు 2023లో, ఆ చిత్రము వెలువడిన ఫిబ్రవరి 2వ తేదీనాడే కన్ను మూసిరి. రెండు దినములకు వాణీ జయరామ్ గారు.

ఇక నేను చూచిన సంగతి యొకటి చెప్పి విరమించెదను. ఆ బొమ్మ పుంగనూరికి వచ్చినపుడు నాకు ఇరువదేండ్లు. విద్వాన్ పరీక్షకు చదువుచుంటిని. మా వీధిలో హరికథలు చెప్పు వృద్ధులొకరుండిరి. నేను తాతా అని పిలుచువాడను. ఆయనను వెంటబెట్టుకొని బస్సెక్కి పోయితిని. తులసి ఇల్లు విడిచిపోవు ఘట్టమున ఆయన కండువాతో మొగము తుడుచుకొనెను. చివరి ఘట్టమున కాదు; అది నాకు బాగుగా జ్ఞాపకము. తిరుగు బస్సులో పలుకలేదు. మఱునాడు తెల్లవాఱకమునుపే మా యరుగు మీదికి వచ్చి, "ఒరే అబ్బాయీ, నాకు క్షేత్రయ్య పదములు ఎవరు చెప్పిరో నీకెన్నడైన చెప్పితినా?" అని అడిగెను. లేదు తాతా అంటిని.

ఆయన కథారంభమున గురుస్తుతి చేయునపుడు రెండు పేర్లు చెప్పువాడు, రెండును మగవారివి. ఆ తెల్లవాఱున ఆయన చెప్పినది మూడవ పేరు. ఊరి చివర నుండిన భోగమువారి యింటి వృద్ధురాలు. ఆమె కడ అయిదేండ్లు నేర్చెనట, రాత్రిపూట, పెరటి దారిన పోయి. పగలు వీధిలో ఎదురైనచో తల వంచుకొని తప్పుకొని పోవువాడట. "ఆ తల్లి ఒక్కనాడైనను నన్ను నలుగురిలో పలుకరింపలేదురా, నా మర్యాదకు లోటు వచ్చునని" అని చాలసేపు కూర్చుండెను.

మరుసటి శ్రీరామనవమికి పందిటిలో కథ ఎత్తుకొనకమునుపు ఆయన మూడు పేర్లును చెప్పెను. మూడవ పేరు వినగానే ముందు వరుసలోని ఇద్దఱు పెద్దలు లేచిరి. ఆయన చిడతలు చేతబట్టుకొని, వారు పందిలి దాటిపోవువఱకు నిలిచి, తరువాత కథ మొదలుపెట్టెను. ఆమె పోయి అప్పటికి చాల యేండ్లయినది. ఆమె పేరును ఈ రేడియోలో చెప్పవలెనని నాకు కోరిక. వారి మనుమరాలిని అడిగితిని. వలదన్నది. అందుచేత చెప్పలేదు.