బార్ కోఖ్బా

హీబ్రూ భాషలో ‘మాషియాహ్’ అనగా తైలముచే అభిషేకింపబడినవాడు. గ్రీకున అదియే ‘క్రిస్తోస్’, మన బైబిలునందు ‘మెస్సీయ’, ‘అభిషిక్తుడు’. రాజులకును యాజకులకును చెల్లిన ఈ బిరుదమును యెషయా గ్రంథము అన్యుడగు పారసీక చక్రవర్తి కోరెషునకు సైతము ఒసగినది.

క్రీ.శ. 132లో యూదయయందు రోము ప్రభుత్వముపై కత్తి దూసిన సిమియోను బార్ కోసిబాను, మహాపండితుడగు రబ్బీ అకీబా, సంఖ్యాకాండమున యాకోబునుండి ఉదయించునని చెప్పబడిన నక్షత్రముగా, మెస్సీయగా భావించుటచే, అతనికి ‘బార్ కోఖ్బా’, అనగా నక్షత్రపుత్రుడు, అను పేరు వచ్చినది. 135లో బేతారు దుర్గము కూలి అతడు హతుడు కాగా, రబ్బీల గ్రంథములలో ఆ పేరే ‘బార్ కోజిబా’, అసత్యపుత్రుడు, అయినది. ఒక్క అక్షరభేదములో ఎంత ప్రజాదుఃఖము ఇమిడియున్నది!

అయితే క్రైస్తవులు అతని పతనమును చూచి తీర్పు చెప్పినవారు కారు. అతడు ఇంకను యుద్ధము నడుపుచున్నప్పుడే, యేసును నిరాకరింపనందుకు వారు క్రూరశిక్షల ననుభవించిరని ఆ కాలమువాడే యగు క్రైస్తవ రచయిత జస్టిన్ వ్రాసెను. ఓటమియే అసత్యమునకు గురుతైనచో సిలువ నెట్లు నమ్మగలము? అద్భుతములును ప్రమాణములు కావు. అబద్ధక్రీస్తులు సూచకక్రియలు చేయుదురని మత్తయి 24వ అధ్యాయమును, సూచన నెరవేరినను అన్యదేవతలవైపు త్రిప్పువానిని వినవలదని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయమును ముందే హెచ్చరించినవి. శరీరధారియై వచ్చిన యేసే క్రీస్తని ఒప్పుకొనుటయే యోహాను పెట్టిన పరీక్ష. అట్లు ఒప్పుకొననివానికి అతడు వాడిన ‘క్రీస్తువిరోధి’ అను మాట బైబిలులో అతని పత్రికలలోనే గాని ప్రకటన గ్రంథమున లేదు, అదియు ఒకచోట బహువచనముననే ఉన్నది.