సెల్‌ఫోన్ల తయారీ: సుంకాలు, ప్రోత్సాహకాలు

దేశంలో తయారీ రంగాన్ని పునరుద్ధరించడానికి కేంద్ర ప్రభుత్వం చేసిన ప్రయత్నాలలో సెల్‌ఫోన్లకు సంబంధించినది ముఖ్యమైనది. స్థూల దేశీయోత్పత్తిలో తయారీ రంగం వాటా 25 శాతానికి చేరాలని 2011 నాటి జాతీయ తయారీ విధానం సంకల్పించింది. 2014 సెప్టెంబరు 25న మొదలైన 'మేక్ ఇన్ ఇండియా' అదే లక్ష్యానికి 2022ను గడువుగా పెట్టుకున్నది. గడువు దాటినా లక్ష్యం నెరవేరలేదు.

అంతకుముందు, 1997లో సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరిన భారతదేశం ఆ జాబితాలోని వస్తువులపై సుంకాలను 2005 నాటికి ఎత్తివేసింది. దానితో ఎలక్ట్రానిక్ వస్తువులను ఇక్కడే తయారు చేయవలసిన అగత్యం తగ్గింది. శ్రీపెరుంబుదూరులో 2006లో ఆరంభమైన నోకియా కర్మాగారం కూడా, పన్ను వివాదం నడుమ, 2014 నవంబరులో మూతబడింది.

2017 జూలైలో ప్రభుత్వం దారి మార్చి సెల్‌ఫోన్లపై 10 శాతం సుంకం విధించింది. అది అదే ఏడాది డిసెంబరులో 15, 2018 ఫిబ్రవరిలో 20 శాతమై, 2024 జూలైలో తిరిగి 15కు దిగింది. ఈ సుంకాలు ఒప్పంద విరుద్ధమని ప్రపంచ వాణిజ్య సంస్థ వివాద మండలి 2023 ఏప్రిల్‌లో తేల్చింది.

సుంకం బయటి సరుకుకు అడ్డుగోడ అయితే, 2020 ఏప్రిల్‌లో వెలువడిన ఉత్పత్తి అనుసంధానిత ప్రోత్సాహక పథకం లోపలివారికి ఊతకర్ర. 2019-20తో పోల్చి అదనంగా జరిగిన అమ్మకాల విలువపై 4 నుండి 6 శాతం దాకా ఐదేళ్లపాటు ఇవ్వడం దీని పద్ధతి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. లెక్క మొత్తం ఫోను ధర మీద. అందులోని విడిభాగాలు ఎన్ని దిగుమతి అయినవో, ఇక్కడ జరిగిన పని ఎంతో ఆ లెక్కకు పట్టదు. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రఘురామ్ రాజన్ 2023లో చేసిన విమర్శ సారాంశం ఇదే. వేతనాల ప్రసక్తీ ఆ సూత్రంలో లేదు.

సరిహద్దు జిల్లాల వారికి ఇది దూరపు వార్త కాదు. తమిళనాడు అంచున ఉన్న శ్రీసిటీలో 2015లోనే షియోమీ ఫోన్ల తయారీ మొదలైంది. కోలారు జిల్లా నరసాపురలో విస్ట్రాన్ సంస్థ ఐఫోన్లను కూర్చే కర్మాగారంలో, 2020 డిసెంబరు 12న, వేతన బకాయిలపై కార్మికుల ఆందోళన విధ్వంసానికి దారితీసింది. ఆ కర్మాగారాన్ని 2023లో టాటా సంస్థ కొనుగోలు చేసింది. కృష్ణగిరి జిల్లాలో, హోసూరు సమీపాన, అదే సంస్థ ఐఫోన్ల పైతొడుగులను తయారు చేస్తున్నది. కూర్పు కంటే ఇది ఒక మెట్టు పైన ఉన్న పని.

2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం విడిభాగాల కోసమే 22,919 కోట్ల రూపాయలతో మరొక పథకాన్ని ఆమోదించింది. ప్రోత్సాహకంలో కొంత భాగాన్ని ఉద్యోగాల సంఖ్యకు ముడిపెట్టడం ఇందులోని కొత్తదనం.