వృద్ధులపై ఫోను, అంతర్జాల మోసాలు

వృద్ధులపై ఫోను, అంతర్జాల మోసాలు అనగా వయసు మళ్ళినవారి నమ్మకాన్ని, భయాన్ని లేదా ఒంటరితనాన్ని ఆసరాగా తీసుకొని ఫోను ద్వారా గాని, అంతర్జాలం ద్వారా గాని వారి సొమ్మును కాజేసే నేరాలు. భారత దేశంలో 2024లో అన్ని వయసులవారూ కలిసి సైబర్ మోసాలలో పోగొట్టుకున్న మొత్తం రూ. 22,845 కోట్లని కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు తెలిపింది. 2023లో ఇది రూ. 7,465 కోట్లు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ మోసాల తీరు, నివారణ మార్గాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ప్రాంత నేపథ్యం

ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేవి. హిందూపురం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఇక్కడ వినబడతాయి. పట్టుగూళ్ళ మార్కెట్టుకు హిందూపురం, పట్టుచీరల నేతకు ధర్మవరం పేరుపొందినవి. విజయనగర రాజుల రెండవ రాజధానియైన పెనుకొండ సమీపంలో 2019 నుండి కార్ల కర్మాగారం పనిచేస్తున్నది. హిందూపురం నుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ, తల్లిదండ్రులు ఊరిలో ఉండిపోయిన ఇళ్ళు ఈ ప్రాంతంలో సామాన్యం. అటువంటి ఇళ్ళలో ఫోనే ముఖ్యమైన బంధం. మోసగాడు కూడా ఆ ఫోను ద్వారానే వస్తాడు.

డిజిటల్ అరెస్టు

వృద్ధులను ఎక్కువగా నష్టపరుస్తున్నది ఈ మోసం. పోలీసు, సీబీఐ లేదా కస్టమ్స్ అధికారినని చెప్పుకొనే వ్యక్తి ఫోను చేసి, మీ పేరున వచ్చిన పార్సిలులో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఆధార్‌తో నల్లధనం చేతులు మారిందనో చెబుతాడు. తరువాత వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, నకిలీ న్యాయస్థానం, ముద్రలు వేసిన ఉత్తర్వులు చూపిస్తారు. కాల్ ఆపరాదని, ఇంట్లో ఎవరికీ చెప్పరాదని గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నిర్బంధిస్తారు. ఈ రెండవ షరతే మోసానికి ఆయువుపట్టు. కొడుకుతోనో, పక్కింటివారితోనో ఒక్క మాట చెప్పినా కట్టుకథ నిలవదు.

భారతీయ చట్టంలో డిజిటల్ అరెస్టు అనునది లేదు. ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న తన రేడియో ప్రసంగంలో ఈ విషయాన్ని ప్రస్తావించారు. పోలీసుల హాజరు నోటీసులను వాట్సాప్ ద్వారా ఇవ్వడం చెల్లదని సుప్రీం కోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులను సుప్రీం కోర్టు పేరిటే నకిలీ ఉత్తర్వులు చూపి మోసగించిన ఉదంతంపై ఆ న్యాయస్థానం 2025 అక్టోబరులో స్వయంగా విచారణ చేపట్టి, డిసెంబరు 1న ఇటువంటి కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఫోను చేసేవారందరూ స్వేచ్ఛగా చేస్తున్నవారు కారు. ఉద్యోగాల ఆశతో కంబోడియా వెళ్ళి, అక్కడి మోసపు కేంద్రాలలో చిక్కుకున్న విశాఖపట్నం యువకుల సంగతి 2024 మే నెలలో బయటపడింది.

ఇతర పద్ధతులు

పింఛనుదారుల జీవన ధ్రువపత్రాన్ని ఫోనులోనే పునరుద్ధరిస్తామని చెప్పి ఓటీపీ అడగడం, ట్రాఫిక్ చలానా లేదా పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు పంపడం తరచుగా జరుగుతున్నవి. ఆ ఫైలును తెరిచి అనుమతులు ఇస్తే ఫోనుకు వచ్చే సందేశాలన్నీ మోసగాడికి చేరతాయి. డబ్బు పంపుతున్నామని చెప్పి యూపీఐ పిన్ను నొక్కించడం మరొకటి; పిన్ను అవసరమయ్యేది చెల్లించడానికే గాని, తీసుకోవడానికి కాదు. వేలిముద్రతో జరిగే ఆధార్ చెల్లింపుల విషయంలో ఎమ్‌ఆధార్ యాప్ ద్వారా బయోమెట్రిక్ వివరాలకు తాళం వేసుకొనే సౌకర్యం కలదు. అయితే పింఛను వేలిముద్రతో తీసుకునేవారు ఆ రోజున తాళం తీయవలసి ఉంటుంది, కనుక ఈ పని ఇంట్లో మరొకరు చూసుకొనడం మేలు.

కుటుంబ సభ్యుల పాత్ర

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని పెద్దలకు బోధించే పిల్లలే, బెంగుళూరు నుండి ఫోను చేసి "అమ్మా, ఒక నంబరు వచ్చింటుంది, చెప్పు" అని అడుగుతుంటారు. ప్రభుత్వ పథకాల నమోదులో కూడా ఎదుట కూర్చున్న ఉద్యోగికి ఓటీపీ చెప్పవలసిన సందర్భాలు ఉన్నాయి. దీనితో నంబరు చెప్పడం వృద్ధులకు అలవాటైపోతుంది. ఎదుట కనిపించే మనిషికి, ఫోనులోని గొంతుకు గల తేడాను ఉదాహరణలతో వివరించడం ఉత్త నిషేధం కంటే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

పొదుపు మొత్తమంతా యూపీఐకి అనుసంధానమైన ఖాతాలో ఉంచకుండా, చిన్న ఖాతాను మాత్రమే ఫోనుకు కలపడం, లావాదేవీల పరిమితిని బ్యాంకులో తగ్గించుకోవడం ఆచరణలో సులువైనవి. పిల్లల గొంతును కృత్రిమంగా అనుకరించి డబ్బు అడిగే మోసాలు కూడా వచ్చినందున, ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాటను ముందుగా అనుకొనడం ఉపయోగకరం. పెద్దల ఫోనును పూర్తిగా లాగేసుకోవడం సరికాదు. వారి సొమ్ముపై నిర్ణయాధికారం వారిదే. ఇక మోసపోయిన తరువాత మందలిస్తారన్న భయంతో వృద్ధులు విషయాన్ని దాచిపెట్టడం వలన విలువైన సమయం పోతున్నది.

ఫిర్యాదు

డబ్బు పోయిన వెంటనే 1930కు ఫోను చేయవలెను. 2021లో 155260 నంబరుతో మొదలైన ఈ సేవ 2022లో 1930కు మారింది. జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా నమోదు చేయవచ్చును. దొంగిలించిన సొమ్ము నిమిషాలలో అనేక అద్దె ఖాతాలకు మారుతుంది గనుక, మొదటి గంటలలో ఇచ్చిన ఫిర్యాదుతోనే దానిని మధ్యలో ఆపే అవకాశం ఎక్కువ. ఖాతా బెంగుళూరులో, బాధితుడు హిందూపురంలో ఉన్నా ఫిర్యాదుకు అడ్డంకి కాదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారాన్ని ఏ పోలీసు స్టేషనులోనైనా ఇవ్వవచ్చును.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక జరిగిన అనధికార లావాదేవీని 3 పనిదినాలలో తెలిపితే ఖాతాదారునికి నష్టబాధ్యత ఉండదు. ఓటీపీ తానే చెప్పినచో బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం ఖాతాదారునిదే. తెలిపిన తరువాతి నష్టం బ్యాంకుది. డిజిటల్ అరెస్టు బాధితులు భయంతో స్వయంగా సొమ్ము పంపుతారు, కనుక ఈ రక్షణ వారికి అందడం కష్టం. వృద్ధుల ఇతర ఇబ్బందులకు 14567 ఎల్డర్ లైన్ సేవ కలదు.